ఆన్‌లైన్‌లో కొన్న ఆయిల్ ఫిల్టరు కోసి చూస్తే...

వైట్‌ఫీల్డ్ వాసి:
కారుకు ఎనిమిదేళ్లు. వారంటీ అయిపోయాక సామాన్లు నేనే తెప్పించి మెకానిక్ చేత వేయిస్తున్నాను. పోయిన నెల మూడు ఆయిల్ ఫిల్టర్ల ప్యాకెట్టు ఒక సైటులో షోరూము ధరలో సగానికే దొరికింది. ఒకటి వేయించిన మర్నాటి నుంచి పొద్దున్నే ఇంజను స్టార్టు చేస్తే రెండు మూడు సెకన్లు టకటకమని శబ్దం. మెకానిక్ దాన్ని విప్పి, అరచేతిలో బరువు చూసి, "ఎక్కడ కొన్నారు సార్?" అన్నాడు. అడిగిన తీరులోనే జవాబుంది.

మిగిలిన వాటిలో ఒకటి, షోరూముది ఒకటి తీసుకుని రెండింటినీ హాక్సా బ్లేడుతో కోశాం. షోరూముదానిలో కాగితం మడతలు చీర కుచ్చిళ్లలా ఒకే కొలతలో ఉన్నాయి. నా దానిలో ఒకచోట కిక్కిరిసి, మరోచోట వేలు దూరేంత సందు. ఇంజను ఆపాక నూనె వెనక్కి జారిపోకుండా పట్టి ఉంచే రబ్బరు వాల్వు అయితే లేనే లేదు. రాత్రికి నూనెంతా దిగిపోతే పొద్దున ఇంజను పొడిగా తిరగదూ మరి! పెట్టె మాత్రం హోలోగ్రాముతో సహా అచ్చు గుద్దినట్టుంది. మీకూ ఇలాంటివి తగిలాయా?

కోరమంగళ కోడలు:
నాకు బ్రేక్ ప్యాడ్లతో అయింది. పెట్టె మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే 'అసలైనది' అని చక్కగా వచ్చింది. తీరా చూస్తే ఆ వెబ్‌సైటు పేరులో ఒక అక్షరం తేడా! ముందు, వెనక చక్రాలవి రెండు పెట్టెలు కొన్నాను, రెండింటి మీదా ఒకటే సీరియల్ నంబరు. ఇప్పుడు కోడ్‌ను నమ్మను, కంపెనీ సైటు నేనే తెరిచి నంబరు కొట్టి చూస్తాను.

జె.సి. రోడ్డు పాతకాపు:
చవకైనదల్లా నకిలీ కాదండి. కార్ల కంపెనీలు చాలా భాగాలు బయటి తయారీదారుల దగ్గరే చేయించుకుంటాయి. అదే తయారీదారు సొంత పెట్టెలో అమ్మితే ధర తక్కువే ఉంటుంది, దానికి వంక పెట్టక్కర్లేదు. ఒకరి పేరు మరొకరి సరుకు మీద వేస్తేనే నకిలీ. బండి విడిభాగాల కొట్లున్న మా జె.సి. రోడ్డులోనూ నాకు ఒకసారి అలాంటి స్పార్క్ ప్లగ్గులు అంటగట్టారు. వాటి మెడ దగ్గరి రింగు చేత్తో తిప్పితే ఊడొచ్చింది, పేరున్న ప్లగ్గుకు అంత సులువుగా రాదు. అయినా కొట్లో అయితే వెళ్లి నిలదీయడానికి ఒక మనిషి ఉంటాడు.

కోరమంగళ కోడలు:
ఆన్‌లైన్‌లోనూ నిలదీయవచ్చు బాబాయిగారూ. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మకందారు పేరు, చిరునామా సైటులో చూపించాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పి, నెలలోగా పరిష్కరించాలి. నాకు మొదట "పెట్టె విప్పారు కాబట్టి వాపసు లేదు" అన్నారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించిన తరువాతే డబ్బు వెనక్కి వచ్చింది. విప్పేటప్పుడు తీసిన వీడియో అప్పుడు పనికొచ్చింది.

వైట్‌ఫీల్డ్ వాసి:
అయ్యో, నేను వీడియో తీయలేదు. మూడో ఫిల్టరు మాత్రం విప్పకుండా సాక్ష్యంగా దాచాను. నిన్న మా అమ్మ దాన్ని ఎండబెట్టిన వడియాల గుడ్డ మీద బరువుకు పెట్టింది. గాలికి గుడ్డతోపాటు అదీ దొర్లిపోయింది.