అమ్మ మతిమరుపుకి టీఎంఎస్ చేయించవచ్చా?

అందరికీ నమస్కారం. మా అమ్మకి 71 ఏళ్ళు. ఏడాదిన్నరగా మతిమరుపు పెరుగుతోంది. మొన్న వాకిట్లో చుక్కలన్నీ వరసగా పెట్టి, వాటిని ఎలా కలపాలో తెలియక పిండి గిన్నె పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. చిన్నప్పటినుంచీ వేస్తున్న ముగ్గు అది. చూసి నాకు ఏడుపొచ్చింది.

న్యూరాలజిస్ట్ అల్జీమర్స్ తొలి దశ అని డోనెపెజిల్ రాశారు. ఒక ప్రైవేట్ క్లినిక్ వాళ్ళేమో తల మీద కాయిల్ ఆనించి అయస్కాంత పల్స్‌లు పంపే టీఎంఎస్ 20 సిటింగ్‌లు చేయిస్తే జ్ఞాపకశక్తి తిరిగొస్తుందన్నారు. నేను చదివినంతలో అమెరికా ఎఫ్‌డీఏ దీన్ని 2008లో డిప్రెషన్‌కి, 2018లో ఓసీడీకి (ఒకే ఆలోచన, ఒకే పని పదేపదే వెంటాడే మానసిక సమస్య) అనుమతించింది. అల్జీమర్స్‌కి ఇంకా పరిశోధనలే నడుస్తున్నాయి. అలాంటప్పుడు అంత గట్టిగా మాట ఇవ్వడం నాకు నచ్చలేదు.

మీ ఇంట్లో ఎవరికైనా మతిమరుపు కోసం ఇది చేయించారా? తేడా కనిపించిందా? సిటింగ్‌లు ఆపాక ఎన్నాళ్ళు నిలిచింది?

అసలు టెన్షన్ ఇంకోటి. అమ్మకి పదేళ్ళ క్రితం ఒకసారి ఫిట్స్ వచ్చాయి. అలాంటివాళ్ళకి టీఎంఎస్‌తో మళ్ళీ ఫిట్స్ వచ్చే ప్రమాదం ఎక్కువట. క్లినిక్‌లో ఆ సంగతి అడగనే లేదు. ముందు ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలను చూసే పరీక్ష) తీయించాలా? డాక్టర్లెవరైనా ఉంటే దయచేసి చెప్పండి. సోమవారం లోపు వాళ్ళకి జవాబివ్వాలి.