విశాఖలో టీఎంఎస్: కాయిల్ ఎక్కడ పెట్టాలో ఎలా తేలుస్తున్నారు?

రెండు రకాల మందులు పూర్తి మోతాదులో వాడినా డిప్రెషన్ తగ్గని మా బంధువుకి టీఎంఎస్ (తలపై పెట్టిన కాయిల్ నుంచి అయస్కాంత పల్సులతో మెదడును ప్రేరేపించే చికిత్స) సూచించారు. వారానికి ఐదు రోజులు, నాలుగు నుంచి ఆరు వారాలు తిరగాలి కాబట్టి ఎంవీపీ కాలనీ చుట్టుపక్కలైతే మేలు.

అసలు సందేహం కాయిల్ గురించి. తలపై ఎక్కడ పల్స్ ఇస్తే చేతి బొటనవేలు కదులుతుందో ఆ చోటు నుంచి 5 సెంటీమీటర్లు ముందుకు జరిపే పాత పద్ధతిలో, తల పెద్దదైతే గురి డీఎల్‌పీఎఫ్‌సీకి (డిప్రెషన్ చికిత్సలో గురిపెట్టే మెదడు ముందు భాగానికి) వెనకే ఆగిపోతుంది. తల కొలతలతో ఎఫ్3 బిందువు (తలపై ఆ భాగానికి గుర్తు) పట్టేవాళ్లు గానీ, ఎంఆర్ఐ నావిగేషన్ (స్కాన్ చూసి కాయిల్‌ను గురిపెట్టే పద్ధతి) ఉన్నవాళ్లు గానీ ఇక్కడ ఉన్నారా? మోటార్ థ్రెషోల్డ్ (వేలు కదలడానికి కావలసిన కనీస పల్స్ బలం, దాన్ని బట్టే డోసు పెడతారు) మధ్యలో మళ్లీ కొలుస్తారా? ఆయనకు బ్యుప్రోపియాన్ అనే డిప్రెషన్ మందు నడుస్తోంది, దానితో ఫిట్స్ ముప్పు పెరుగుతుంది. అందుకే ఇంత గట్టిగా అడుగుతున్నాను. 600 పల్సుల, మూడు నిమిషాల థీటా బర్స్ట్ (పల్సులను గుంపులుగా వేగంగా ఇచ్చే టీఎంఎస్ రకం) ఎవరైనా ఇస్తున్నారా? 2018 కెనడా ట్రయల్‌లో అది మామూలు 37 నిమిషాల టీఎంఎస్ పద్ధతికి తీసిపోలేదు.