పాత కార్ల రేకు పనిలో చేరుతున్నాను, టింకరింగ్ తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

నమస్కారమండి. మాది భీమవరం పక్కన. ఇన్నాళ్లూ రొయ్యల చెరువుల ఏరేటర్లకు ఫ్రేములు, ఇళ్లకు గేట్లు చేశాను. అంతా ఆర్క్ వెల్డింగే. వచ్చే సోమవారం నుంచి రాజమండ్రిలో పాత కార్లు బాగుచేసే షెడ్డులో చేరుతున్నా. మొదటి బండి అంబాసిడర్. 2014లోనే తయారీ ఆగిపోయింది కదా, అడిగిన ప్రతి రేకూ బజార్లో దొరకదు, చేత్తో చేసుకోవాల్సిందే. ఉప్పుగాలికి డోర్ల కింది అంచులు జల్లెడైపోయాయి. లప్పం పూసి రంగు కొట్టేస్తే ఒప్పుకునే ఓనరు కాదాయన. నాకూ అది నచ్చదు.

0.9 ఎంఎం సీఆర్ షీటు (కోల్డ్ రోల్డ్ ఉక్కు రేకు) ముక్కల మీద 0.8 ఎంఎం వైరుతో మిగ్ (వైరు దానంతటదే వస్తూ అతికే వెల్డింగ్) వేసి చూస్తున్నా. చుక్క చుక్కకీ దూరం ఇచ్చి, చల్లారనిచ్చి వేసినా రేకు అలలు పడుతోంది. 0.6 వైరుకి మారితే తేడా ఉంటుందా? టిగ్ (టంగ్‌స్టన్ మొనతో వేసే వెల్డింగ్) అతుకు మెత్తగా ఉంటుంది, సుత్తి, డాలీ (రేకు వెనక ఆనించే ఇనప దిమ్మ)తో మళ్లీ సాపు చేసుకోవచ్చు. అయితే ఇప్పుడే టిగ్ నేర్చుకోవడం మేలా, మిగ్ మీదే చెయ్యి కుదిరేదాకా ఆగాలా?

ఇంకోటి. మడ్‌గార్డులా రెండువైపులా వంపున్న రేకుని ఇంగ్లిష్ వీల్ (రెండు చక్రాల మధ్య రేకుని నొక్కి వంపు తెచ్చే యంత్రం) లేకుండా ఇసుకసంచి, చెక్కసుత్తితో తీయొచ్చా? షెడ్డులో వీల్ లేదు. సొంత డబ్బుతో ముందు ఏ పనిముట్టు కొనమంటారు?