శక్తిమంతమైన టార్చిలైటును మార్చుకోవాలంటే విడిభాగాలు చిన్న దుకాణం నుంచే కొనాలా?

దీపస్తంభం:

ఒక్క 21700 సెల్లుతో (21 మిల్లీమీటర్ల వ్యాసం, 70 మిల్లీమీటర్ల పొడవు ఉన్న లిథియం-అయాన్ సెల్లు) నడిచే టార్చిలైటు నా దగ్గర ఉంది. అందులో ఉన్నది లూమినస్ సంస్థ తయారుచేసిన ఎస్‌ఎస్‌టీ-40 ఎల్‌ఈడీ. వెలుగు చాలా దూరం పోతుంది గాని, అందులో ఆకుపచ్చ ఛాయ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ వెలుగులో ఎర్ర వైరుకూ గోధుమరంగు వైరుకూ తేడా పట్టుకోవడం కష్టం. మరమ్మతు పనుల్లో చేతపట్టుకునే దీపానికి ఇది చిన్న లోపం కాదు. అందుకే దాన్ని తీసేసి, రంగులను ఉన్నవి ఉన్నట్టు చూపించే, నిచియా సంస్థ తయారుచేసిన 519ఏ ఎల్‌ఈడీ అమర్చుకోవాలనుకుంటున్నాను.

ఇటువంటి మార్పులకు కావలసిన ఎల్‌ఈడీలు, అవి కూర్చునే రాగి పలకలు, వాటికి కరెంటును అందించే సర్క్యూట్లయిన డ్రైవర్లు, సెల్లులు అన్నిటినీ, ఈ పని మీద మక్కువతో ఒకరిద్దరు సొంతంగా నడుపుకునే చిన్న దుకాణాల నుంచే కొనాలన్నది నా వాదన. అక్కడ ధర కాస్త ఎక్కువే, సరుకు తరచుగా అయిపోతుంది, పార్సిలు ఆలస్యంగా చేరుతుంది. అయినా ప్రతి ఎల్‌ఈడీ పక్కన తయారీదారు పేరు, రంగు ఉష్ణోగ్రత (తెలుపు ఎంత పసుపుగా, ఎంత నీలంగా ఉంటుందన్న కొలత), బిన్ సంకేతం (ఒకే రకం ఎల్‌ఈడీలను వెలుగు, ఛాయలను బట్టి వేరుచేసిన గుంపు గుర్తు), అది పనిచేసే వోల్టేజి, ఏ సైజు పలక మీద కూర్చుంటుందన్న వివరం స్పష్టంగా రాసి ఉంటాయి. ఎవరెవరో అమ్మకందారులు చేరిన పెద్ద ఆన్‌లైన్ అంగళ్లలోనేమో చాలాసార్లు ‘10 వాట్ల తెల్ల ఎల్‌ఈడీ’ అన్న ఒక్క ముక్కతో సరిపెడతారు. ఏం కొంటున్నామో తెలియనప్పుడు ధర తగ్గితే కలిగే లాభం ఏమిటి? దీనితో విభేదించేవారు కారణాలతో సహా రాయాలని కోరుతున్నాను.

నిదానం:

దీపస్తంభం గారూ, నేను విభేదిస్తున్నాను. దుకాణం చిన్నదా పెద్దదా అన్నది తర్వాతి సంగతి. అసలు ఆ టార్చిని విప్పవచ్చునా అన్నది ముందు తేల్చుకోవాలి. మంచి తయారీదారు ఎల్‌ఈడీ తట్టుకోగల కరెంటు, డ్రైవర్ ఇచ్చే కరెంటు, లోహపు ఒడలు బయటికి పంపగల వేడి, ఈ మూడింటినీ ఒకదానికొకటి సరిపెట్టి తయారుచేస్తాడు. అందులో ఒక్కటి మార్చినా మిగతా రెండింటి లెక్క తప్పుతుంది, పైగా వారంటీ పోతుంది. రంగులు బాగా చూపే ఎల్‌ఈడీతో ఫ్యాక్టరీలోనే తయారైన టార్చీలు దొరుకుతున్నప్పుడు ఈ శ్రమ దేనికి?

ఇక చిన్న దుకాణాల విషయం. వాటిని నడిపేవారు నిజాయితీపరులే కావచ్చు, ఆ మాట నేను కాదనను. కాని ఒక్క మనిషి నడిపే దుకాణంలో పరీక్షశాల ఉండదు, వచ్చిన ప్రతి డ్రైవర్‌ను పూర్తి కరెంటు మీద నడిపి చూసే తీరిక ఉండదు, రేపు ఆయన దుకాణం మూసేస్తే అదే డ్రైవర్ మళ్లీ దొరకదు.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది సెల్లుల సంగతి. విడి లిథియం-అయాన్ సెల్లులను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా పంపడం 2016 ఏప్రిల్ 1 నుంచి నిషిద్ధం; సరుకు విమానాల్లో పంపాలన్నా ఛార్జి 30 శాతానికి మించకూడదన్న నిబంధన అప్పుడే వచ్చింది. ఇవన్నీ పాటిస్తూ సెల్లులు పంపడం చిన్న దుకాణానికి తలకు మించిన భారం. రెండు మూడు సెల్లులను సిరీస్‌లో, అంటే ఒకదాని వెనుక ఒకటిగా, పెట్టే టార్చీల్లో ప్రమాదం మరీ ఎక్కువ. వాటిలో ఒకటి ముందుగా ఖాళీ అయితే మిగిలినవి దానిలోకి కరెంటును ఎదురు దిశలో తోస్తాయి. లోపల పుట్టిన వాయువు నీరు చొరకుండా బిగించిన లోహపు గొట్టంలోంచి బయటికి పోవడానికి దారి ఉండదు. చేతిలో ఉన్న వస్తువు పేలడం అంటే ఏమిటో వివరించనక్కరలేదు.

రాగిపలక:

విడిభాగాలన్నిటినీ ఒకే గాటన కట్టడం వల్ల వాదం ముందుకు సాగడం లేదని నాకు అనిపిస్తోంది. ఒక్కొక్కటి విడిగా చూద్దాం.

ముందు దీపస్తంభం గారి మార్పునే తీసుకుందాం. ఎస్‌ఎస్‌టీ-40 కూర్చునేది 5050 సైజు పలక మీద, అంటే దాని అడుగు 5 మిల్లీమీటర్ల చదరం. 519ఏ కూర్చునేది 3535 పలక మీద, అంటే 3.5 మిల్లీమీటర్ల చదరం. కాబట్టి ఎల్‌ఈడీతో పాటు పలక కూడా మారాలి. ఆ వెంటనే ఎల్‌ఈడీ చుట్టూ ఉండే ప్లాస్టిక్ వలయం మారాలి, ఎందుకంటే అది రిఫ్లెక్టర్‌ను మధ్యకు నిలపడమే కాకుండా, అల్యూమినియం రిఫ్లెక్టర్ అంచు పలక మీది టంకానికి తగిలి షార్టు కాకుండా కాపాడుతుంది. ఇవన్నీ సరిచేసుకున్నా అసలు చిక్కు మిగిలే ఉంటుంది. ఎస్‌ఎస్‌టీ-40 కోసం తయారైన డ్రైవర్ ఇచ్చే కరెంటు ఒక్క 519ఏ మోయగలిగినదానికన్నా బాగా ఎక్కువ. గరిష్ఠ మెట్టు నొక్కగానే వెలుగు నీలిరంగుకు తిరుగుతుంది, వెంటనే ఆపకపోతే ఎల్‌ఈడీ మాడిపోతుంది. సమాంతరంగా కలిపిన మూడు 519ఏలను ఒకే పలక మీద పెడితే కరెంటు మూడు పాయలుగా చీలుతుంది. అప్పుడు అదే డ్రైవర్ ఇబ్బంది లేకుండా పనిచేస్తుంది. అయితే రిఫ్లెక్టర్ స్థానంలో మూడు కళ్ల ప్లాస్టిక్ లెన్సు రావాలి, వెలుగు వెడల్పయి దూరం తగ్గుతుంది. కరెంటు పనులకు అది మంచిదే.

వోల్టేజి సంగతి కూడా ఇలాంటిదే. ఒకే 5050 సైజులో 3 వోల్టుల ఎల్‌ఈడీలూ ఉన్నాయి, 6 వోల్టులవీ ఉన్నాయి. పూర్తిగా ఛార్జి చేసిన ఒక్క సెల్లు ఇచ్చేది 4.2 వోల్టులే కనుక, వోల్టేజిని పెంచే బూస్ట్ డ్రైవర్ లేని టార్చిలో 6 వోల్టుల ఎల్‌ఈడీ పెడితే అది వెలగదు. కొలత సరిపోయిందని కొనేస్తే చిక్కుల్లో పడతాం. ఈ వివరం రాసిపెట్టిన దుకాణానికీ రాయని అంగడికీ ఉన్న తేడా చాలా పెద్దది. ఈ మేరకు నేను దీపస్తంభం గారి పక్షమే.

రాగి పలక గురించి నాలుగు మాటలు ఎక్కువగా రాస్తాను, ఎందుకంటే మోసం ఎక్కువగా జరిగేది ఇక్కడే. మామూలు అల్యూమినియం పలకలో ఎల్‌ఈడీకీ లోహానికీ మధ్య విద్యుత్తును ఆపే సన్నని పొర ఉంటుంది. ఆ పొర విద్యుత్తుతో పాటు వేడినీ అడ్డుకుంటుంది. మంచి రాగి పలకలో ఎల్‌ఈడీ అడుగున ఉండే మధ్య ప్యాడ్ (టంకం అతుక్కునే లోహపు భాగం) కింద ఆ పొర ఉండదు. ప్యాడ్ నేరుగా రాగికే టంకంతో అతుక్కుంటుంది. వేడిని మోయడంలో రాగి అల్యూమినియం కన్నా మెరుగన్నది నిజమే, కాని ఆ పొర లేకపోవడం వల్ల కలిగే లాభం అంతకన్నా పెద్దది. ‘రాగి పలక’ అని రాసి, పైన రాగి రేకు, లోపల అదే పొర ఉన్న సరుకు అంటగట్టడం చాలా తేలిక. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. కనెక్షన్లేవీ ఇవ్వకముందు, ఎల్‌ఈడీ లేని పలకను చేతిలో పట్టుకుని, కనెక్షన్ ఉంటే మోగే స్థానంలో పెట్టిన మల్టీమీటరు ఒక కొనను మధ్య ప్యాడ్ మీద, మరో కొనను పలక అంచున గీకిన రాగి మీద ఆనించి చూడండి. మీటరు మోగితే నేరుగా అతికే పలకే, మోగకపోతే మధ్యలో పొర ఉన్నట్టు.

స్ప్రింగులది చిన్న విషయమైనా చెప్పకుండా ఉండలేను. 10 ఆంపియర్ల కరెంటు 0.03 ఓముల స్ప్రింగు గుండా పోతే 0.3 వోల్టులు అక్కడే పోతాయి, 3 వాట్లు స్ప్రింగులోనే వేడిగా మారతాయి. స్ప్రింగు పొడవునా ఒక మెత్తని రాగి వైరు టంకం వేస్తే చాలు. దీనికి ఏ దుకాణమూ అవసరం లేదు.

అద్దం, రబ్బరు వలయాలు, స్విచ్చి మీది తొడుగు వంటివి కొలత కుదిరితే ఎక్కడ కొన్నా ఒకటే.

సెల్లుల విషయంలో మాత్రం నిదానం గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. 18650 సెల్లు (21700 కన్నా కాస్త చిన్నది) మీద 9900 ఎంఏహెచ్ సామర్థ్యమని అచ్చువేసి అమ్ముతున్నారు. ఏళ్ల తరబడి మేలైన కంపెనీల సెల్లులు 3500 దరిదాపుల్లోనే ఉన్నాయి. అసలైన సెల్లు సుమారు 45 నుంచి 50 గ్రాములు తూగుతుంది, నకిలీవి చాలావరకు అంతకన్నా బాగా తేలిక. ప్యాకుల నుంచి విడదీసిన, రక్షణ సర్క్యూటు లేని 18650 సెల్లులను విడిగా కొనవద్దని అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ 2021 జనవరిలోనే హెచ్చరించింది. సెల్లును సొంత దేశంలో, సెల్లులే అమ్మే పేరున్న వ్యాపారి దగ్గర కొనాలి. టార్చి విడిభాగాల దుకాణం ఎంత మంచిదైనా అక్కడ వద్దు.

కొత్తచూపు:

రాగిపలక గారూ, నా దగ్గర సోల్డరింగ్ ఐరన్ తప్ప వేరే పనిముట్లు లేవు. ఎల్‌ఈడీని పలక మీద ముందే అతికించి ఇచ్చే దుకాణాలు ఉన్నాయి. అలా కొనడం మేలా, నేర్చుకుని నేనే అతికించడం మేలా? ఇంకొక సందేహం. లక్ష ల్యూమెన్లని (ల్యూమెన్ వెలుగుకు కొలత) రాసిన టార్చీలు కనిపిస్తున్నాయి. అందులో నాలుగో వంతు నిజమైనా ఈ మార్పులన్నీ అనవసరం కదా?

రాగిపలక:

అతికించినదే కొనండి. రాగి పలక వేడిని క్షణంలో లాగేసుకుంటుంది కనుక ఐరన్‌తో మధ్య ప్యాడ్‌ను కరిగించలేరు. పలక మొత్తాన్ని హాట్ ప్లేట్ మీద వేడి చేయాలి. 63 పాళ్ల తగరం, 37 పాళ్ల సీసం కలిసిన టంకం 183 డిగ్రీల వద్ద కరుగుతుంది. బిస్మత్ కలిసినది 138 డిగ్రీలకే కరుగుతుంది, పని తేలికవుతుంది, కాని అది పెళుసుగా ఉంటుంది. ఒడుదొడుకులు తగిలే టార్చిలో నేను దాన్ని వాడను. మీరు ఐరన్‌తో చేయవలసినది రెండు వైర్లు అతికించడమే.

లక్ష ల్యూమెన్ల సంగతి లెక్క వేసి చూడండి. వాట్‌కు 100 ల్యూమెన్ల చొప్పున అంత వెలుగుకు 1000 వాట్లు కావాలి. 5000 ఎంఏహెచ్ ఉన్న 21700 సెల్లులో దాచుకోగలిగినది సుమారు 18 వాట్-గంటలు. ఆ సెల్లు 1000 వాట్లు ఇవ్వగలదని ఊహించుకున్నా దీపం నిమిషం పైన కొద్ది సెకన్లలో ఆరిపోతుంది. నాలుగో వంతు అన్నా 250 వాట్లు కావాలి, ఒక్క సెల్లు నుంచి అదీ రాదు. టార్చీల వెలుగును కొలిచే పద్ధతిని చెబుతూ 2009లో వచ్చిన ఏఎన్‌ఎస్‌ఐ ఎఫ్‌ఎల్1 ప్రమాణం ప్రకారం ల్యూమెన్లను దీపం వెలిగించిన 30 సెకన్ల నుంచి 2 నిమిషాల లోపు కొలవాలి. ఆ ప్రమాణం పేరు లేని అంకెను పట్టించుకోవద్దు.

దీపస్తంభం:

రాగిపలక గారు రాసినది చదివి, నేను కొనదలచిన దుకాణదారునికి నా టార్చి వివరాలన్నీ పంపి అభిప్రాయం అడిగాను. ఒక్క 519ఏ ఆ డ్రైవర్‌కు తగదని, మూడింటి పలక తీసుకోమని ఆయన కూడా అన్నారు. దానికి ముందుగా టార్చి తల లోపలి వ్యాసం, పలక కూర్చునే చోటి లోతు కొలిచి పంపమన్నారు. ఎందుకంటే లెన్సు, పలక కలిసిన ఎత్తు పాత రిఫ్లెక్టర్ ఎత్తుకు సరిపోకపోతే ముందు అద్దం బిగిసినట్టే కనిపిస్తుంది గాని పలక అడుగున గట్టిగా ఆనదు, దాంతో థర్మల్ పేస్టు ఎంత రాసినా వేడి ఒంటికి చేరదట. ఈ ప్రశ్న నన్ను అడిగే పెద్ద అంగడి ఏదైనా ఉంటే నిదానం గారు చూపించాలి. పరీక్షశాల లేదన్నది నిజం. కాని ఆయన అమ్మే ప్రతి పలకనూ తన చేతులతో ఏదో ఒక టార్చిలో బిగించి చూసినవాడు. నేను నమ్ముతున్నది ఆ అనుభవాన్నే. సెల్లుల విషయంలో మీరిద్దరూ చెప్పినది ఒప్పుకుంటున్నాను, ‘అన్నీ’ అన్న మాటలోంచి వాటిని తీసేయండి.

నిదానం:

చూపించలేను. ఎల్‌ఈడీ, పలక వరకు మీ వాదన నాకు సమ్మతమే.

డ్రైవర్ విషయంలో మాత్రం నా అభ్యంతరం తీరలేదు. కొందరు చిన్న దుకాణదారులు సెల్లును దాదాపు నేరుగా ఎల్‌ఈడీకి కలిపే ఫెట్ డ్రైవర్లను, ఎక్కువ వెలుగు వస్తుందన్న ఒకే కారణంతో సిఫారసు చేస్తున్నారు. వాటిలో కరెంటును నిర్ణయించేది డ్రైవర్ కాదు, సెల్లు బలం. టార్చి కాలిపోకుండా ఆపేది ఫర్మ్‌వేర్‌లోని, అంటే డ్రైవర్ చిప్పులోకి ఎక్కించిన ప్రోగ్రాములోని, వేడి నియంత్రణ ఒక్కటే. ఆండురిల్ వంటి ఫర్మ్‌వేర్ కోడ్ ఎవరైనా చూడగలిగేలా బహిరంగంగా ఉండటం మంచిదే, అందులో గరిష్ఠ ఉష్ణోగ్రతను మనమే నిర్ణయించుకోవచ్చు కూడా. కాని చాలా డ్రైవర్లలో ఉష్ణోగ్రతను కొలిచేది మైక్రోకంట్రోలర్ చిప్పులోనే ఉన్న సెన్సరు, దాని అంకెలు చిప్పుకు చిప్పుకు మారతాయి. గది ఉష్ణోగ్రతతో దాన్ని సరిచూడకుండా అమ్మితే, 45 డిగ్రీల వద్ద తగ్గవలసిన వెలుగు 60 దాటినా తగ్గకపోవచ్చు. ఏ ఫర్మ్‌వేర్ ఎక్కించారు, సెన్సరును సరిచూశారా, గరిష్ఠ కరెంటు ఎంత అన్న మూడు సంగతులు రాయని దుకాణం నుంచి, అది ఎంత చిన్నదైనా, ఎంత మక్కువతో నడిచేదైనా, డ్రైవర్ కొనకూడదని నా మాట.

దీపస్తంభం గారు పాత డ్రైవర్‌నే ఉంచుకుంటున్నారు కనుక ఆయనకు ఈ ఇబ్బంది లేదు. అయినా పని పూర్తయ్యాక వెనుక మూత తీసి, సెల్లు అడుగునుంచి ఒంటికి మందపాటి వైరు కలిపి, దాని చుట్టూ డీసీ కొలిచే క్లాంప్ మీటరు పెట్టి గరిష్ఠ మెట్టులో కరెంటు చూడండి. మామూలు మల్టీమీటరు సన్నని వైర్లతో కొలిస్తే ఆ వైర్లే కరెంటును తగ్గించి తప్పుడు అంకె చూపిస్తాయి. వచ్చిన అంకెను మూడుతో భాగించి, ఒక్కొక్క ఎల్‌ఈడీకి నిచియా ఇచ్చిన గరిష్ఠ పరిమితితో పోల్చిన తర్వాతే ఎక్కువసేపు వెలిగించండి. సెల్లులను సిరీస్‌లో పెట్టే టార్చీలను మాత్రం ఎవరూ ఇలా మార్చవద్దనే ఇప్పటికీ అంటాను. రాగిపలక గారు దీనికి కూడా ఒప్పుకుంటారో లేదో తెలియదు, ఆయన మాట వినాలని ఉంది.