ప్రొడక్షన్‌లో మార్పులన్నీ టెర్మినల్ నుంచే చెయ్యాలా?

రుషికొండ_గాలి: మధురవాడలో చిన్న టీం మాది. ప్రొడక్షన్‌లో, అంటే జనం నిజంగా వాడే చోట, క్లౌడ్‌లో నడిచే అప్లికేషన్లకు వెబ్ కన్సోల్ (బ్రౌజర్లో బటన్లు నొక్కే పేజీ) చూడటానికే, ఏ మార్పయినా కమాండ్ లైన్ నుంచే, అంటే టెర్మినల్లో ఆదేశాలు టైప్ చేసే చెయ్యాలని మా లీడ్ పట్టుబడుతున్నారు. కొత్త పిల్లలు బెంబేలెత్తిపోతున్నారు. మీరేమంటారు?

ద్వారకానగర్_దేవ్: ఆయన చెప్పిందే రైటు. కన్సోల్లో అర్ధరాత్రి ఎవరో సర్వర్‌కి ఒక పోర్టు (బయటినుంచి నెట్‌వర్క్ దారి) తెరుస్తారు, ఎందుకు తెరిచారో తెల్లారేసరికి వాళ్లకే గుర్తుండదు. కమాండ్లయితే స్క్రిప్టుగా రాసి గిట్‌లో (మార్పుల చరిత్ర దాచే టూల్) పెట్టొచ్చు, ఇంకొకరు చూశాకే నడపొచ్చు. తుఫానుకి కరెంటు పోయి ఫోన్ డేటాతో నెట్టుకొచ్చే రోజున కన్సోల్ పేజీ తిరుగుతూనే ఉంటుంది, కమాండ్ వెళ్లిపోతుంది.

గాజువాక_ఆప్స్: 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ వాళ్ల ఫైళ్లు దాచే క్లౌడ్ సర్వీసు ఎస్3 పడిపోయింది కమాండ్ వల్లే కదండీ! అనుమతి ఉన్న ఉద్యోగే, ప్లేబుక్ (ముందే రాసిపెట్టిన పని క్రమం) ప్రకారమే కొట్టాడు. ఒక ఇన్‌పుట్ తప్పు పడింది, కొన్ని సర్వర్లు తీయబోతే చాలా పోయాయి. నార్త్ వర్జీనియా రీజియన్‌లో గంటల తరబడి సగం ఇంటర్నెట్టు మూలిగింది.

ద్వారకానగర్_దేవ్: ఆ తర్వాత వాళ్లు కమాండ్‌ని మానేశారా? సర్వర్లను నెమ్మదిగా తీసేలా, కనీస సామర్థ్యం కంటే కిందికి పోనివ్వకుండా ఆ టూల్‌నే మార్చారు.

గాజువాక_ఆప్స్: మన దగ్గర ఆ కాపలా ఏది? కుబర్నెటీస్‌ని నడిపే కమాండ్ టూల్ కుబ్‌సీటీఎల్‌తో నేమ్‌స్పేస్ (అప్లికేషన్ భాగాలన్నీ ఉండే విభాగం) డిలీట్ కొడితే మామూలుగా మారు మాట అడగదు. ఒక ట్యాబులో స్టేజింగ్ (పరీక్షల కాపీ), పక్క ట్యాబులో ప్రొడక్షన్ అనుకుంటాం. కాంటెక్స్ట్, అంటే కమాండ్ దేనికి వెళ్లాలన్నది, రాసి ఉండేది ఒకే ఫైల్లో. ఇక్కడ మారిస్తే అక్కడా మారిపోతుంది!

సీతమ్మధార_అక్క: అందుకే ప్రొడక్షన్‌కి కాన్ఫిగ్ ఫైలు వేరుగా ఉంచండి, ప్రాంప్టులో (కమాండ్ టైప్ చేసే లైను మొదట్లో) దాని పేరు ఎర్రగా కనబడేలా పెట్టుకోండి. హెరోకూ అనే క్లౌడ్ సర్వీసులో యాప్ తీసేయాలంటే దాని పేరు మళ్లీ టైప్ చెయ్యమంటుంది, అలాంటి అడ్డు మీ స్క్రిప్టులోనూ రాసుకోవచ్చు. ఇక ఎవరు చేశారన్నది అమెజాన్ క్లౌడ్ పనుల చిట్టా క్లౌడ్‌ట్రెయిల్‌లో కన్సోల్ పనులకీ నమోదవుతుంది, అది కమాండ్ లైన్ ఒక్కదాని గొప్ప కాదు. పాస్‌వర్డును కమాండ్‌లోనే కొట్టే అలవాటుంటే మాత్రం మానిపించండి బాబూ, షెల్ హిస్టరీలో (కొట్టిన కమాండ్ల జాబితా) అలాగే పడి ఉంటుంది. నన్నడిగితే కొత్తవాళ్లకి ముందు చదివే అనుమతి ఒక్కటే ఇవ్వాలి, కన్సోలైనా టెర్మినలైనా.

గాజువాక_ఆప్స్: అనుమతుల మాట ఒప్పుకుంటానక్కా. కానీ ఆన్‌కాల్‌లో (ఏ వేళ సమస్య వచ్చినా చూసే వంతు) నిద్రమత్తులో ఉన్నవాడికి బటనిస్తారా, కమాండిస్తారా?

ద్వారకానగర్_దేవ్: ముందే పరీక్షించిన రోల్‌బ్యాక్ (పాత వెర్షన్‌కి వెనక్కి తెచ్చే) స్క్రిప్టు ఇస్తా.

రుషికొండ_గాలి: కుబ్‌సీటీఎల్‌లో రోల్‌అవుట్ అన్‌డూ కొడితే పాత ఇమేజ్ (అప్లికేషన్ పాత ప్యాకేజీ) వస్తుంది సరే, ఆ రిలీజ్‌తో డేటాబేస్ మైగ్రేషన్ (పట్టికల రూపం మార్పు) కూడా వెళ్లిపోయి ఉంటే? దానికి మీరేం చేస్తున్నారు?