మొక్కలతో పాటు తొట్టిలోకి వచ్చిన నత్తలు: ఏ రకం, ఏం చేయాలి?

కొత్త తొట్టి: మూడు వారాల క్రితం వాలిస్నేరియా మొక్కలు కొని 60 లీటర్ల అక్వేరియం తొట్టిలో నాటాను. ఇప్పుడు అద్దం మీద బియ్యపుగింజంత నత్తలు, ఆకుల అడుగున జిగురు ముద్దలు. ఇవి ఏ రకం? మొక్కల్ని తింటాయా? చెర్రీ రొయ్యలకు హాని లేకుండా ఎలా తీయాలి?

గుప్పీల ఇల్లు: మందు జోలికి వెళ్లకండి. దుకాణంలో ఇచ్చిన నత్తల మందు వేశాను. అందులో రాగి ఉందని తర్వాత తెలిసింది. తెల్లవారేసరికి 40 రొయ్యలు వెల్లకిలా పడి ఉన్నాయి. చచ్చిన నత్తలు ఇసుకలో కుళ్లి, అమ్మోనియా పెరిగి గుప్పీ చేపలు కూడా పోయాయి.

నీటిమొక్క: గుల్ల మొన పైకి, నోరు మీ వైపు ఉండేలా పట్టుకోండి. నోరు ఎడమన ఉంటే బ్లాడర్ నత్త, కుడిన ఉంటే పాండ్ నత్త.

పాతకాపు: పదిహేనేళ్లుగా చేపలు పెంచుతున్నాను. ఎడమా కుడీ ఎన్నడూ చూడలేదు. అన్నీ పాండ్ నత్తలే.

నీటిమొక్క: కావు. మీసాలు చూడండి. బ్లాడర్ నత్తకు దారంలా సన్నగా, పాండ్ నత్తకు త్రికోణంగా వెడల్పుగా ఉంటాయి. మొదటిది నాచు, కుళ్లిన ఆకు తింటుంది. రెండోదాంట్లో పెద్ద రకాలు పచ్చి ఆకునూ కొరుకుతాయి. ఇది తెలియకుండా ఏళ్ల లెక్క చెప్పకండి.

పాతకాపు: నీళ్లలో చేయి పెట్టకుండా మాట్లాడేవాళ్లు ఎక్కువయ్యారు. నా తొట్టి నిండా నత్తలున్నా ఒక్క ఆకూ పోలేదు.

నీటిమొక్క: అయితే మీ దగ్గరున్నవి బ్లాడర్ నత్తలే!

గుప్పీల ఇల్లు: ఇద్దరూ ఆపండి. ఆయన రొయ్యల గురించి అడిగారు.

ఇసుక అడుగు: నా బాధ వేరు. మలేషియన్ ట్రంపెట్ నత్తలు, సన్నగా పొడుగ్గా మొలల్లా ఉంటాయి. పగలు ఇసుకలో దాక్కుంటాయి, అర్ధరాత్రి లైటు వేస్తే అద్దం కనబడదు. ఇవి గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. మగది లేకుండానే సంతానం. యోయో లోచ్ చేపలు కొననా?

పాతకాపు: కొనండి. మన ఉత్తరాది నదుల చేపే, నత్తల్ని గుల్లలోంచి పీకి తింటుంది.

గుప్పీల ఇల్లు: రొయ్యల్నీ వదలదు! పైగా అరడుగు దాకా పెరుగుతుంది. కేరళ బఠాణీ పఫర్ చేప అంగుళమే, కానీ గుప్పీల తోకలు చీల్చేస్తుంది. చేపను చేపగా కొనండి, మందుగా కాదు.

కీరముక్క: లైటు ఆర్పే ముందు కీర ముక్కను స్టీలు చెంచాకు గుచ్చి అడుగున ఉంచండి. తెల్లవారగానే నత్తలతో సహా తీసేయండి. నేను మేత కూడా సగానికి తగ్గించాను. రెండు నెలలకు అద్దం తేటపడింది. రొయ్యలు ఒక్కటీ పోలేదు.

కొత్త తొట్టి: భూతద్దంతో చూశాను. నోరు ఎడమన, మీసాలు దారంలా ఉన్నాయి. కీర ముక్క ఇప్పుడే వేశాను.

పాతకాపు: ఫొటో పెట్టండి. చూస్తే గాని ఒప్పుకోను.