ఏపీఏఆర్ అంకెలు మన పనిని కొలుస్తున్నాయా?

అరుణోదయం:
కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో పదేళ్ల సర్వీసు నిండింది. పదోన్నతి లేనివారికి 10, 20, 30 ఏళ్లకు పై వేతన స్థాయి ఇచ్చే ఎంఏసీపీ నాకు ఆగిపోయింది. కారణం రెండేళ్ల ఏపీఏఆర్‌లో, అంటే పైఅధికారి ఏటా 10కి అంకె వేసే పనితీరు నివేదికలో, పడిన 5.8, 5.6. అంటే ‘గుడ్’. ఏడో వేతన సంఘం తరువాత, 2016 జూలై నుంచి ‘వెరీ గుడ్’ కావాలి, అది 6 దగ్గర మొదలవుతుంది. ఆ రెండేళ్లూ ఇద్దరి సీట్ల పని నేనొక్కదాన్నే చూశాను.

పాతఫైలు:
నివేదిక అందిన 15 రోజుల్లో అభ్యంతరం రాశారా?

అరుణోదయం:
లేదు. ‘గుడ్’ అంటే బాగుందనే అనుకున్నాను.

పాతఫైలు:
అయితే తప్పు పద్ధతిది కాదు. మా రోజుల్లో అది రహస్య నివేదిక. వ్యతిరేకంగా రాస్తేనే మనకు చెప్పేవారు. దేవ్ దత్ అనే ఇంజినీరుకు పదోన్నతి ఆగింది కూడా ‘గుడ్’ వల్లనే. ఆయన పోరాడితేనే 2008లో సుప్రీంకోర్టు ప్రతి గ్రేడూ ఉద్యోగికి తెలపాలన్నది. ఆ హక్కును మీరు వదులుకున్నారు.

బొమ్మలకొలువు:
మా విభాగంలో అందరికీ 8 పైనే. గొడవే లేదు.

మేఘమాల:
అసలు పనికి 40 శాతమే. మిగతా 60 గుణగణాలకు, సామర్థ్యానికి. అక్కడ అధికారి మనసే కొలబద్ద.

పాతఫైలు:
అవన్నీ తరువాత. 15 రోజులు ఏం చేశారు?

అరుణోదయం:
ఆ గడువు తప్ప మీకేమీ కనిపించదా? ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఎదురుగా కూర్చున్న మనిషి ఒక్కనాడైనా ‘ఇది సరిగా లేదమ్మా’ అనలేదు. నా బాధ అంకె గురించి కాదు.

పాతఫైలు:
చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. ఒకరిని పిలిచి లోపాలు చెప్పి, 5 వేశాను. ఆయన పైకి ఫిర్యాదు చేశారు, సంజాయిషీ నన్ను అడిగారు. ఆ తరువాత రిటైరయ్యేదాకా ఎవరికీ ఏమీ చెప్పలేదు, 7కు తక్కువ వేయలేదు. ఎవరికీ నష్టం చేయలేదు.

మేఘమాల:
ప్రాణం పెట్టి పనిచేసినవారికీ అదే 7 వేస్తే నష్టం కాదా?

అరుణోదయం:
మీరు 5 వేసిన ఆయనకు ఎంఏసీపీ వచ్చిందా?

పాతఫైలు:
తెలియదు. అడగలేదు.